నెలాఖరు లెక్క, ఏడాది లెక్క: విశాఖలో బొమ్మలేసి బతకాలనుకునేవాళ్లకి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటి గేటు చప్పుడు ఎక్కువవుతుంది. ఎంవీపీ కాలనీలో సాయంత్రాలు పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతాను కాబట్టి, బొమ్మల పిచ్చి ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్నొక మాట అడిగి పోదామని వస్తారు. మొన్న గాజువాక నుంచి ఒకాయన వచ్చాడు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. వెనకాల కొడుకు, వాడి చంకలో స్కెచ్ బుక్కు. ఆయన కుర్చీలో సర్దుకోకుండానే అడిగేశాడు: "ఏటి మాస్టారూ, బొమ్మలేసి బతగ్గలడా ఈడు?"

బతగ్గలడు. కానీ ఎన్ని రకాలుగా బతకొచ్చో, ఏ రకంలో ఏం పోతుందో చెప్పకుండా ఊరికే ధైర్యం చెప్పి పంపడం పాపం. ఆయనకి చెప్పిందే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

ఏ దారి గురించి ఎవరు అడిగినా నేను రెండు లెక్కలతో కొలుస్తాను. ఒకటి, నెలాఖరున చేతిలో ఎంత మిగిలింది. రెండు, డిసెంబరు 31న గోడకి ఆనించి చూసుకుంటే సొంత బొమ్మలు ఎన్ని ఉన్నాయి. సొంత బొమ్మ అంటే ఎవరూ అడగకుండా, ఎవరి గడువూ లేకుండా, నాకు వెయ్యాలనిపించి వేసింది. మొదటి లెక్క సున్నా అయితే ఇంట్లో గొడవ. రెండో లెక్క వరసగా మూడేళ్లు సున్నా అయితే మంచి పనివాడివయ్యావు గానీ ఆర్టిస్టువి ఇంకా కాలేదు. పనివాడు కావడంలో తప్పేమీ లేదు, కాకపోతే ఆ సంగతి తెలిసి ఉండాలి. తెలియకుండా నలభయ్యో ఏట తెలుసుకున్నవాళ్లని నేను చూశాను.

చదువా, సొంత సాధనా

మన ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంటు ఉంది. బీఎఫ్ఏ (బొమ్మల డిగ్రీ) నాలుగేళ్లు, ఆపైన ఎంఎఫ్ఏ (దాని పీజీ) రెండేళ్లు. అక్కడ పాఠాలు చెప్పినవాళ్లలో ఇద్దరి పేర్లు ఈ ఊరి పిల్లలు తెలుసుకోవాలి. పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు, కాటుక కళ్లతో, కొప్పులో పూలతో, ఫైబర్‌గ్లాసులో చేసే శిల్పి జి.రవీందర్ రెడ్డి ఒకరు. చిత్రకారుడు వి.రమేశ్ ఇంకొకరు. ఇద్దరూ గుజరాత్‌లోని బరోడా యూనివర్సిటీలో ఆర్ట్ చదివి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేశారు, ఇక్కడే ఉంటూ పని చేశారు. వాళ్ల పనిని మాత్రం దేశం చూసింది. పై రెండు లెక్కల్లో పెట్టి చూడండి: నెలాఖరుకి మేష్టరు జీతం, ఏడాది చివరికి సొంత పని. పెద్ద ఆర్టిస్టులు ఆకలితో ఉంటారనే కథ మనకి సినిమాలు నేర్పింది. జీతం ఉన్న ఆర్టిస్టు కథలో సినిమాకి సరిపడా ఏడుపు లేదు మరి.

కాలేజీ వల్ల ఏమొస్తుంది? చెయ్యి తిరగడానికైతే ఇప్పుడు యూట్యూబ్ చాలు. పెర్‌స్పెక్టివ్, అనాటమీ, ఆయిల్ పొరలు ఎలా వెయ్యాలో అన్నీ ఉన్నాయి, ఉచితంగా. రానిది కన్ను. నీ బొమ్మ ముందు నిలబడి "ఇక్కడిదాకా నీది, ఇక్కడి నుంచి ఎవరిదో చూసి వేశావ్" అని మొహమ్మీద చెప్పే సీనియరు యూట్యూబ్‌లో దొరకడు. ఇన్‌స్టాలో పెడితే "సూపర్ బ్రో" అంటారు, అంతే. పైగా లోహపు రేకు మీద గీసిన బొమ్మని కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్ ప్రెస్సు, మట్టి కాల్చే బట్టీ, రాయి చెక్కే జాగా మనం అపార్ట్‌మెంటులో పెట్టుకోలేం. శిల్పం, ప్రింట్‌మేకింగ్ వైపు మనసుంటే కాలేజీకి పోవాల్సిందే. వాటర్ కలర్, ఇలస్ట్రేషన్ అయితే పోకపోయినా నడుస్తుంది.

ఇంకో పచ్చి నిజం. కేంద్రీయ విద్యాలయాల్లాంటి చోట ఆర్ట్ టీచరు పోస్టు పడితే వాళ్లు చూసేది డిగ్రీ. పెన్సిల్‌తో ప్రాణం పోసినా కాగితం లేకపోతే అప్లికేషను ముందుకి కదలదు. రాష్ట్రంలో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ అని టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షలు కూడా ఉన్నాయి. అవి రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ అనే టీచరు శిక్షణ చేస్తే డ్రాయింగ్ టీచరు పనికి ఒక అర్హత వస్తుంది. డిగ్రీకి సాటి కాదు గానీ, వేరే చదువు చదువుతూ పక్కన రాసి పెట్టుకోవడానికి బాగుంటుంది. మా రోజుల్లో ఇది ప్రతి ఊళ్లో తెలిసేది, ఇప్పటి పిల్లలకి చెప్పేవాళ్లే లేరు.

నా సలహా: పద్దెనిమిదేళ్ల పిల్లాడికైతే బీఎఫ్ఏ ఇంటి దగ్గర, ఎంఎఫ్ఏ ఊరి బయట. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్ కళాభవన్, ఎక్కడ సీటొస్తే అక్కడికి. పద్దెనిమిదికి ఇంటి అన్నం తింటూ చెయ్యి స్థిరపరుచుకోవచ్చు. ఇరవై రెండుకి మాత్రం తనకంటే బాగా వేసేవాళ్ల మధ్య పడాలి, లేకపోతే ఊళ్లో మొదటి ర్యాంకు తలకెక్కుతుంది. బీటెక్ అయిపోయి రుషికొండలోనో మధురవాడలోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు వచ్చి "మళ్లీ బీఎఫ్ఏ చెయ్యనా" అంటే వద్దంటాను. నాలుగేళ్ల జీతం పోగొట్టుకోవడం కంటే ఆ జీతంలోంచి ఏటా ఒక వర్క్‌షాపుకి, ఒక బరోడా ప్రయాణానికి ఖర్చు పెట్టుకోవడం లాభం.

జీతమా, ఆర్డర్లా

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే ఎక్కువ చెప్తాను.

నేను మొదట డాబాగార్డెన్స్ వైపు ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో డిజైనర్ని. నాలుగేళ్లు. కోరల్ డ్రాలో నాయకుల పుట్టినరోజు బ్యానర్లు, ఓణీల ఫంక్షన్లు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులు. మొదటి జీతం 6,500. ఆ నాలుగేళ్లలో నేను వేసిన సొంత బొమ్మలు ఏడు. ఏడాదికి ఏడు కాదు, మొత్తం కలిపి ఏడు. బద్ధకం అనుకుని నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. తరవాత ఒక స్కూల్లో పొద్దుట పూట డ్రాయింగ్ మేష్టరుగా చేరాను, జీతం ఇంకా తక్కువ. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటికి. ఆ ఒక్క ఏడాదిలో 23 బొమ్మలు వేశాను. అప్పుడర్థమైంది, రోజంతా రంగులూ అక్షరాలూ సర్దిన కళ్లు రాత్రి కాన్వాస్ ముందు కూర్చోవు. ఎంత ఉత్సాహవంతుడైనా అంతే.

అందుకే "ఆర్ట్‌కి దగ్గరగా ఉండే ఉద్యోగం" అన్న మాట వింటే నాకు అనుమానం. గ్రాఫిక్ డిజైన్, యానిమేషన్, యాడ్ ఏజెన్సీ దగ్గరివే. కానీ అవి సొంత బొమ్మకి దాచుకోవాల్సిన ఓపికనే వాడేస్తాయి. బ్యాంకు కౌంటర్లోనో పోర్టు ఆఫీసులోనో పని చేసేవాడి చెయ్యి సాయంత్రానికి ఆకలి మీద ఉంటుంది. ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతంతో పాటు, రోజులో మీ బుర్ర బాగా పనిచేసే గంటలు ఎవరికి పోతున్నాయో కూడా చూసుకోండి. పొద్దున్న బాగా వేసేవాడు పొద్దుటి షిఫ్టు ఒప్పుకోకూడదు.

డిజైన్ ఉద్యోగంలో లాభం లేదని కాదు. సాఫ్ట్‌వేరు వస్తుంది, గడువు అంటే ఏంటో వస్తుంది, క్లయింటుతో మాట్లాడటం వస్తుంది. రెండేళ్లు చెయ్యండి. మూడో ఏడు మొదలయ్యే ముందు గోడకి ఆనించి బొమ్మలు లెక్కపెట్టండి. ఇంకోటి, ఉద్యోగంలో ఉండగా కంపెనీ కోసం గీసినదాని మీద కాపీరైటు చట్టప్రకారం కంపెనీదే. మీరు పుట్టించిన బొమ్మల పాత్రలు మీవి కావు. బయటికొచ్చేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి ఒక ఈమెయిల్ అనుమతి తీసుకోండి.

ఇక ఆర్డర్లు. మన దగ్గర ఎక్కువగా వచ్చేది పోర్ట్రెయిట్. పెళ్లికి కానుక, పెళ్లిరోజుకి కానుక, ఇంకా, పోయినవాళ్ల ఫొటో. ఈ మూడోది వచ్చే తీరు ఎప్పుడూ ఒకటే: రేషన్ కార్డులోంచి తీసిన మసక ఫొటో వాట్సాప్‌లో వస్తుంది, వెనకాలే "పెద్దకర్మ లోపు కావాలి మాస్టారూ" అని మెసేజి. ఆ ఇంట్లో వాళ్లు బొమ్మ చూసి ఏడ్చినప్పుడు మనకి దొరికే తృప్తి ఏ గ్యాలరీలోనూ దొరకదు, అది వేరే సంగతి. డబ్బు సంగతికొస్తే, సగం అడ్వాన్సు చేతిలో పడందే పెన్సిలు చెక్కొద్దు. బంధువైతే ముప్పావు.

ఆర్డర్ల బతుకులో నెల నెలకీ పోలిక ఉండదు. మాఘమాసంలో, శ్రావణంలో పెళ్లిళ్లకి చేతినిండా పని, మూఢం వస్తే ఈగలు తోలుకోవడమే. ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఉద్యోగం మానేసి ఆర్డర్ల మీదికి దూకినవాళ్లు రెండో మూఢానికి మళ్లీ ఫ్లెక్సీ షాపులో తేలారు. నా పాత సహోద్యోగులు ఇద్దరు అలాగే తేలారు.

మూడో దారి ఉంది, నేను నడుస్తున్నది అదే: సాయంత్రం క్లాసులు. పదిహేను మంది పిల్లలు నెలకి 800 ఇస్తే 12,000. అద్దె కట్టేంత కాకపోయినా రంగులకీ కరెంటుకీ పాలకీ వస్తుంది. పొద్దున్నంతా మనదే. చెన్నై దగ్గర చోళమండలం కళాగ్రామాన్ని 1966లో కె.సి.ఎస్.పణిక్కర్, ఆయన చుట్టూ ఉన్న ఆర్టిస్టులు కట్టుకున్నది కూడా ఇలాంటి లెక్కమీదే. మైనం పూసి గుడ్డకి రంగులద్దే బాతిక్ లాంటి చేతిపనులు అమ్మి పొట్ట నింపుకున్నారు, మిగతా వేళ తమకి నచ్చింది వేసుకున్నారు. బాతిక్ అమ్మినందుకు వాళ్ల పేరేమీ చిన్నదైపోలేదు.

గోడ బొమ్మ: కనిపించేంత డబ్బు ఉండదు, కనిపించనంత మెలిక ఉంటుంది

విశాఖలో కొత్త ఆర్టిస్టుకి త్వరగా దొరికే పెద్ద పని గోడ బొమ్మలు. 2023 మార్చిలో జీ20 సమావేశం ముందు ఊరంతా రంగులు పూసిన సంగతి గుర్తుంది కదా. పెద్ద సమావేశమో, ఊళ్ల శుభ్రతకి మార్కులేసే స్వచ్ఛ సర్వేక్షణ్ తనిఖీయో వస్తోందంటే గోడలకి గిరాకీ. అది కాక బీచ్ రోడ్డు కేఫ్‌లు, హోటళ్లు, ప్లే స్కూళ్లు, సిరిపురం నుంచి రుషికొండ దాకా ఎక్కడ చూసినా గోడ ఖాళీగా ఉంచట్లేదు. చదరపు అడుగు లెక్కన రేటు మాట్లాడతారు. ఆ రేటులో ప్రైమరు, ఎక్స్‌టీరియర్ ఎమల్షను, పరంజా, హెల్పరు కూలీ ఎవరివో ముందే తేల్చుకోకపోతే చివరికి మీ చేతికి మిగిలేది మోకాళ్ల నొప్పి. సముద్రం వైపు గోడైతే ఉప్పుగాలికి పెచ్చులూడుతుంది. పాత సున్నం గీకించి, ప్రైమరు వేయించి గానీ మొదలుపెట్టకండి. ఏడాదికే రాలిపోతే పేరు పోయేది మీది, గోడది కాదు.

నా అనుభవం ఒకటి. ఒక హోటలు లోపలి గోడకి ఫిషింగ్ హార్బరు బొమ్మ వేశాను. ఇరవై రెండు రోజుల పని. డబ్బులిచ్చారు, లేదనను. మూడు నెలల తరవాత ఆ బొమ్మే వాళ్ల మెనూ కార్డు మీద, క్యారీ బ్యాగు మీద, సిబ్బంది టీషర్టుల మీద కనిపించింది. నా పేరు ఎక్కడా లేదు. కోపంగా ఒక లాయరు దగ్గరికి పోయాను. ఆయన 1957 కాపీరైటు చట్టం తీసి 17వ సెక్షను చూపించాడు: డబ్బు తీసుకుని ఒకరు అడిగితే వేసిన పెయింటింగుకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, కాపీరైటు మొదటి హక్కుదారు వేయించుకున్నవాడే. మామూలుగా కాపీరైటు వేసినవాడిది. ఆర్డరు మీద వేస్తే మాత్రం తిరగబడుతుంది. ఈ ఒక్క తేడా తెలియక ఎంతమంది పోగొట్టుకుంటున్నారో.

అప్పటి నుంచి ఒక పేజీ తెలుగు కాగితం తయారు చేసుకున్నాను. బొమ్మ ఈ గోడకి మాత్రమే, కాపీరైటు చిత్రకారుడిదే, వేరే వస్తువుల మీద ముద్రించుకోవాలంటే వేరే రేటు, మూలన సంతకం ఉంటుంది. నాలుగు వాక్యాలు, రెండు సంతకాలు. ముద్రణ హక్కు ఇచ్చేటప్పుడు ఎన్నేళ్లకో కూడా రాయండి. హక్కు రాసిచ్చి కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది.

హక్కు అమ్మేసినా మీ దగ్గర మిగిలేదొకటి ఉంది. 57వ సెక్షను కింద అది మీ పని అని చెప్పుకునే హక్కు, మీ పరువు పోయేలా పాడుచేస్తే అడిగే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి చేసిన కంచు మ్యూరల్‌ని (గోడ శిల్పాన్ని) 1979లో తీసి పారేస్తే ఆయన ప్రభుత్వం మీదే కేసు వేశాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి ఇచ్చెయ్యమని, ఐదు లక్షల పరిహారం కట్టమని చెప్పింది. మనం అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగలేం. కానీ కాగితంలో ఆ సెక్షను నెంబరు కనిపిస్తే అవతలివాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఫ్లెక్సీల దెబ్బకి చేతి రాతల బోర్డు ఆర్టిస్టులు ఎలా పోయారో కళ్లారా చూసినవాణ్ని. ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధమని 2022లో మన ఊళ్లోనే ప్రకటించారు. ఫ్లెక్సీలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఏఐ వచ్చి ఫ్లెక్సీ డిజైనర్ల పొట్ట కొడుతోందట. నాకు సంతోషించాలో బాధపడాలో తెలియట్లేదు. గోడ దగ్గర మాత్రం ఇంకా మనిషి ఎక్కాలి.

విశాఖా, హైదరాబాదా

ఇక్కడ కమర్షియల్ గ్యాలరీలు అని చెప్పుకోదగ్గవి తక్కువ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, బీచ్ రోడ్డులో హవామహల్‌లోనో అప్పుడప్పుడూ ప్రదర్శనలు జరుగుతాయి, తెలిసినవాళ్లే వస్తారు, బాగుందంటారు, టీ తాగి వెళ్తారు. హైదరాబాదులో కళాకృతి, సృష్టి లాంటి గ్యాలరీలు, మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. కొనేవాళ్లున్నారు, రాసేవాళ్లున్నారు. ఇది విని పెట్టె సర్దుకోకండి. అక్కడ గది అద్దె కట్టడానికి ఉద్యోగం చెయ్యాలి, ఉద్యోగానికి పోయి రావడానికి ట్రాఫిక్కులో మూడు గంటలు. రెండో లెక్క మళ్లీ సున్నా. ఇక్కడ సొంతింటి డాబా మీద రేకుల గది ఉందనుకోండి, అదే మీ ఫెలోషిప్పు.

అమ్మకాల్లో కూడా విశాఖకి తన లెక్క ఉంది. ఇక్కడ కొనేది డాక్టర్లు, బిల్డర్లు, ఇంటీరియర్ డిజైనర్లు, ఇంకా నేవీ కుటుంబాలు. నేవీవాళ్లది చూడండి, రెండు మూడేళ్లకి బదిలీ. ఊరు వదిలేటప్పుడు ఊరిని తీసుకుపోవాలనుకుంటారు. డాల్ఫిన్స్ నోస్, లైట్‌హౌసు, వన్‌టౌన్ పాత మేడలు, పెట్టెలో పట్టే సైజులో వేస్తే ఏప్రిల్, మే నెలల్లో అమ్ముడవుతాయి. ఇది పోస్టుకార్డు కళ కదా అని ముక్కు విరవకండి. ఏడాదికి పది ఇలాంటివి అమ్మితే మీ పెద్ద కాన్వాసుకి బట్ట, రంగు వచ్చేస్తాయి.

కాబట్టి నా మాట: ఉండటం ఇక్కడ, చూపించడం బయట. ఏడాదికి రెండు ప్రయాణాలు. కేంద్ర ప్రభుత్వ కళా సంస్థ లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రాలు అటు భువనేశ్వర్‌లో, ఇటు చెన్నైలో ఉన్నాయి. రెండూ మనకి ఒక రాత్రి రైలు. మన పిల్లలు హైదరాబాదు వైపే చూస్తారు, పక్కనున్న భువనేశ్వర్ గుర్తుకు రాదు. శ్రీకాకుళంలో పుట్టి చందమామ బొమ్మలతో తెలుగిళ్లన్నిటికీ చేరిన వడ్డాది పాపయ్య చివరి రోజులు గడిపింది అనకాపల్లి పక్కన కశింకోటలో. బొమ్మ నడవాలి గానీ మనిషి ఎక్కడున్నా ఫరవాలేదు అన్నదానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

ఒక జాగ్రత్త, విశాఖలో ఉండేవాళ్లకే. తేమ. వానాకాలంలో ఆయిల్ ఆరదు, వాటర్ కలర్ కాగితానికి బూజు చుక్కలు పడతాయి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికి కాగితం తగలకుండా చుట్టూ అట్ట మౌంటు వేయించండి. చుట్టిన కాన్వాసులు నేలమీద పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి మంచం కింద పెట్టిన కాగితాల కట్ట మొత్తం పప్పులా అయింది. ఇప్పుడు అన్నీ అటక మీదే.

గ్యాలరీయా, సంతా, ఫోనా

గ్యాలరీ అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటుంది. అన్యాయం అనిపిస్తుంది గానీ, వాళ్లకి అద్దె, లైట్లు, కొనేవాళ్ల ఫోన్ నెంబర్లు ఉన్నాయి. కొత్తవాళ్లు జాగ్రత్త పడాల్సింది వేరే రకం గ్యాలరీలతో: "మా గ్రూప్ షోలో పాల్గొనండి, ఫీజు ఇంత, సర్టిఫికెట్టు, మెమెంటో ఇస్తాం" అనేవాళ్లు. అవతలివాడి ఆదాయం మీ ఫీజులోంచే వస్తుంటే మీ బొమ్మ అమ్మాల్సిన అవసరం వాడికేముంది? నేను ఒకసారి కట్టాను. మెమెంటో మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. బొమ్మ తిరిగొచ్చింది.

బెంగళూరు చిత్రసంతె నాకు ఇష్టం. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003 నుంచి జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద నడుపుతోంది. రోడ్డంతా బొమ్మలు, మధ్యలో కమిషను తీసుకునేవాడు ఉండడు. ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీసి, కాన్వాసులు చుట్టి పీవీసీ పైపులో దూర్చి, భుజాన వేసుకుని పోవడమే. అమ్ముడుపోకపోయినా ఒక్క పూటలో వేలమంది మొహాలు మీ బొమ్మ ముందు ఎలా మారుతున్నాయో చూస్తారు. ఎవరు ఆగారు, ఎక్కడ ఆగారు, ఏది అడిగి ధర విని వెళ్లిపోయారు. ఇన్‌స్టాలో లైకు ఈ సంగతి చెప్పదు.

ఇన్‌స్టా మానెయ్యమనను. నా పోర్ట్రెయిట్ ఆర్డర్లలో సగం అక్కడివే. కాకపోతే రీల్స్‌కి నచ్చే బొమ్మ ఒకటుంటుంది, చివర్లో టేపు పీకితే అంచులు తళుక్కుమనేది. ఆర్నెల్లు దానికోసమే వేస్తే చెయ్యి అదే నేర్చుకుంటుంది. వారానికి ఒక రోజు పోస్టు చెయ్యండి, మిగతా రోజులు ఫోను వేరే గదిలో.

ధర ఎక్కడైనా ఒకటే ఉండాలి. కొత్తలో చదరపు అంగుళం లెక్క మంచిది. అంగుళానికి 15 రూపాయలు అనుకుంటే 18 అంగుళాలు × 24 అంగుళాల బొమ్మ 432 చదరపు అంగుళాలు, 6,480 రూపాయలు, ఫ్రేము విడిగా. గ్యాలరీ 40 శాతం తీసుకుంటే మీకు 3,888. అది గిట్టదనిపిస్తే రేటే పెంచుకోండి, అంతేగానీ గ్యాలరీలో 6,480 పెట్టి ఇంటి దగ్గర నాలుగు వేలకి అమ్మకండి. ఆ కబురు గ్యాలరీవాళ్లకి చేరడానికి వారం పట్టదు. జీఎస్టీ గురించి కొత్తవాళ్లకి అంత బెంగ అక్కర్లేదు, పెయింటింగుల మీద పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వేరే రాష్ట్రానికి అమ్మకాలు మొదలైతే మాత్రం ఒకసారి ఆడిటర్‌ని అడగండి.

ప్రభుత్వం ఇచ్చేది

ఇది చిన్నదే గానీ చాలామంది వదిలేస్తున్నారు. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్టీ అనే సంస్థ యువ కళాకారులకి స్కాలర్‌షిప్పు ఇస్తుంది: 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. చిత్రకళ, శిల్పం కూడా అందులో ఉన్నాయి. సంగీతం, నాట్యం వాళ్లదే అనుకుని మనవాళ్లు పెట్టరు. 25 దాటితే 40 దాకా జూనియర్ ఫెలోషిప్పు, నెలకి 10,000, అదీ రెండేళ్లే. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో శిల్పులు, బొమ్మలు చేసేవాళ్లు, కుమ్మరులు ఉన్నారు గానీ కాన్వాస్ మీద వేసేవాళ్లు లేరు. ఏటికొప్పాక లక్కబొమ్మలవాళ్లకి దారి ఉంది, మనకి లేదు, అంతే.

దరఖాస్తు అంటే పది బొమ్మల ఫొటోలు, ఒక పేజీ రాత అడుగుతారు. పది బొమ్మలు పది రకాలుగా ఉంటే పక్కన పెట్టేస్తారు. ఒకే విషయం మీద వేసిన పది ఉండాలి. మళ్లీ రెండో లెక్క దగ్గరికే వచ్చాం చూశారా.

గాజువాక ఆయనకి ఇదంతా చెప్పేసరికి చీకటిపడింది. ఆయన మొత్తం విని, "అయితే బీఎఫ్ఏ ఇక్కడే, ఆ తరవాత బయటికి, ఈలోగా డ్రాయింగ్ హయ్యర్ రాయించమంటారు" అన్నాడు. అదే అన్నాను. సప్లిమెంటరీ రాయాల్సిన సబ్జెక్టు ఒకటి ఉందట, ముందు అది కానిమ్మన్నాను. స్కెచ్ బుక్కు తిరగేస్తే సినిమా హీరోలు, ఆనిమే కళ్లు, ఒక పేజీలో మాత్రం వాళ్ల నాన్న పడక్కుర్చీలో నిద్రపోతున్నాడు, నైట్ డ్యూటీ చేసొచ్చి, బూట్లతోనే. గీత వణికింది గానీ బరువు తెలుస్తోంది. ఆ పేజీ ఆయన ఇంతవరకూ చూళ్లేదు.

"ఇలాంటివి పది వెయ్" అన్నాను కుర్రాడితో. ఆదివారం తెల్లారి అయిదింటికి ఫిషింగ్ హార్బరుకి రమ్మన్నాను, పడవలొచ్చే వేళకి మనుషులు బాగుంటారు గీయడానికి. తండ్రి కూడా వస్తానన్నాడు, ఎలాగూ చేపలు కొనుక్కోవచ్చని.